ఆ పేరుతో పిలిస్తే

పోయినవారం ఒక ప్రశ్న దగ్గర ఆపాను. నన్ను తిట్టుకున్నవాళ్ళు తిట్టుకునే ఉంటారు. ఏం చేయను, ఆ ప్రశ్న విన్నప్పుడు నాకే నోట మాట రాలేదు, ఇక రాసేదేముంది.

ఈ పత్రిక కొత్తగా చేతిలోకి తీసుకున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. సింధీల ఊరు ఉల్లాస్‌నగర్‌లో నాలుగో క్యాంపు అనే పేటలో మా కింది వాటా బఠీజాలది. గిరీష్ బఠీజా జీన్స్ ప్యాంట్లు కుట్టించే కార్ఖానా నడుపుతాడు. అతని భార్య లవీనా. వాళ్ళ అమ్మాయి మెహక్‌కి పదమూడేళ్ళు. ఏడాది నిండకముందే తలసీమియా అని తేలింది. ఒంట్లో రక్తం తయారవడం, తయారైంది నిలవడం రెండూ కష్టమే, అందుకని మూడు వారాలకోసారి ఎవరో పుణ్యాత్ములిచ్చిన రక్తం ఎక్కించాలి. ఇప్పుడు లవీనా మళ్ళీ నీళ్ళోసుకుంది. లోపలి బిడ్డకీ ఆ జబ్బు ఉందేమో చూడమని పొట్టలోకి సూది పెట్టించుకుని పరీక్ష చేయించుకుంది. ఆ సంగతి గిరీష్‌కి తెలుసు, పై వాటాలో ఉండే నాకు తెలుసు. అత్తగారికీ మెహక్‌కీ తెలియదు. తెలియదని అనుకున్నాం.

మెహక్‌కి రక్తం ఎక్కించే రోజే ఫలితం చెప్తామన్నారు. గిరీష్ బట్ట కోసం అహ్మదాబాద్ వెళ్ళాడు, కాబట్టి తోడు నేను. ఆస్పత్రి వార్డులో తలుపు పక్క మంచం మెహక్‌ది. చేతికి సూది పెట్టారు, సంచీలోంచి చుక్క చుక్కా దిగుతోంది. "ఈసారి ఎవరో ఆటో రిక్షావాడి రక్తం వచ్చింది ఆంటీ, దారికడ్డమొచ్చిన ప్రతివాడి మీదా హారన్ కొట్టాలనిపిస్తోంది" అని నన్ను నవ్వించి, అదే గొంతుతో, అదే నవ్వు మొహంతో, తల్లి వైపు తిరిగి అడిగింది.

"అమ్మా, లోపల ఉన్నది నాలాంటిదైతే తీసేస్తారు కదా?"

అక్కడే ఆపాను. ఇప్పుడు వినండి.

లవీనా పిల్లకు టీ పోస్తోంది. ఈ వార్డులో పిల్లలందరికీ టీ పోస్తారు, తిన్నదాంట్లో ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుకుంటుందని. ఎక్కించిన రక్తం ద్వారా చేరే ఇనుమే ఎక్కువైపోయి గుండెకీ కాలేయానికీ చేటు చేస్తుంది మరి. ఆ పిల్ల పుట్టాక బఠీజాల ఇంట్లో పాలకూర పొయ్యెక్కలేదు. సింధీ ఇంట్లో పాలకూరతో చేసే సాయి భాజీ వండడం లేదంటే మనింట్లో పప్పు మానేసినట్టే. లవీనా చేతిలో టీ కప్పు అలాగే నిలబడిపోయింది.

"ఎవరు చెప్పారే నీకు ఈ పిచ్చి మాటలు?" అంది చివరికి.

"ఎవరైనా చెప్పాలా? పోయినేడు రియా వాళ్ళమ్మ కూడా స్కానింగ్‌కే వెళ్ళింది. పొట్ట మీద దూది, ప్లాస్టరు వేసుకొచ్చింది. నువ్వూ అలాగే వచ్చావ్. స్నానం చేసేటప్పుడు తడవకుండా ప్లాస్టిక్ కాగితం చుట్టుకున్నావ్. నాకు కళ్ళు కూడా రక్తమెక్కిస్తేనే కనపడతాయనుకున్నారా మీరు?"

రియాకీ ఇక్కడే రక్తం ఎక్కిస్తారు, వాళ్ళమ్మ సంగతి వార్డంతటికీ తెలుసు. ఆ పరీక్ష తర్వాత ఆమె కొన్నాళ్ళు రాలేదు. వచ్చినప్పుడు పొట్ట లేదు. ఎవరూ ఏమీ అడగలేదు.

"తాగు ముందు, చల్లారిపోతుంది" అంది లవీనా.

"నువ్వు ముందు చెప్పు."

నేను కల్పించుకోబోయాను. "మెహక్, అమ్మకు ఒంట్లో బాగోలేదమ్మా, ఇంటికెళ్ళాక..." అన్నాను. ఆ పిల్ల నా వైపు చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. పెద్దవాళ్ళం పిల్లలకు ఎప్పుడూ ఇంటికెళ్ళాక అనే చెప్తాం. ఇంటికెళ్ళాక ఏ నాడైనా చెప్పామా?

వార్డుకీ వసారాకీ మధ్య అద్దాల తలుపు. వసారాలో ఎదురుగా శుభదా తాయి గది. పరీక్ష ఫలితాలు చెప్పేదీ, విన్నవాళ్ళకు ధైర్యం చెప్పేదీ ఆమే. చాలా మంచి మనిషి. అయినా ఆ తలుపు తెరుచుకుంటే చాలు, ఈ వార్డులో తల్లులందరూ చేస్తున్న పని ఆపేస్తారు. ఆమె పద్ధతి అందరికీ బట్టీ. మంచి కబురైతే ఆగలేదు పాపం, గుమ్మంలోనే నిలబడి "అంతా బాగుంది, వెళ్ళి స్వీట్లు తినండి" అనేస్తుంది. కబురు మంచిది కాకపోతే లోపలికి రమ్మంటుంది, కూర్చోబెడుతుంది, "నీతో ఎవరొచ్చారు?" అని అడుగుతుంది. ఆ మాట వింటే ఇంకేం వినక్కర్లేదని రియా వాళ్ళమ్మే నాతో అంది. ఆ మాట అంటున్నప్పుడు మెహక్ పక్కమంచం మీద నిద్రపోతోందనుకున్నాం. ఈ వార్డు పిల్లలు నిద్రపోరు, కళ్ళు మూసుకుంటారంతే.

ఆ రోజు ఆ తలుపు ఇంకా మూసే ఉంది. లవీనా అటు చూసింది, నన్ను చూసింది, కప్పు కింద పెట్టింది.

"నాలాంటిదైతే అని ఎందుకంటావే? నీకేం తక్కువ?" అంది.

"అమ్మా, నన్ను మోసం చేయకు. నాకు తక్కువేమిటో రక్తమెక్కించి రెండు వారాలు దాటాక మెట్లెక్కితే తెలుస్తుంది. నేనడిగిందొకటి. నేను పుట్టకముందు ఈ పరీక్ష లేదా?"

లేదు అని ఒక్క మాట అంటే పోయేది. పరీక్ష అప్పుడు రాలేదమ్మా, మాకేం తెలుసు అంటే నమ్మేసేది. అనవే తల్లీ అని మనసులో ఎంత మొక్కుకున్నానో. అబద్ధం చెప్పమని దేవుడికి మొక్కడం అదే మొదటిసారి నాకు.

"ఉంది" అంది లవీనా.

"మరి చేయించుకోలేదా?"

"చేయించుకోలేదు."

"ఎందుకు?"

లవీనా కొంగు అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది. ఇన్నేళ్ళ స్నేహంలో నాకూ చెప్పని సంగతి అది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నేలవైపు చూస్తూ మొదలుపెట్టింది.

"పెళ్ళికి ముందు నా పేరు హేమలత. నీకు తెలుసు కదా."

"తెలుసు. నాన్న జాతకానికి పొంతన కుదరడానికి పంతులు లవీనా అని పెట్టాడు. దాదీకి కూడా అలాగే మార్చారు. అందరికీ మారుస్తారు. నాకు మారిస్తే మాత్రం పెళ్ళికొడుకునే మార్చేస్తాను, ముందే చెప్తున్నా."

మామూలు రోజైతే పడీపడీ నవ్వేవాళ్ళం. మనవైపు పెళ్ళయితే ఇంటిపేరే పోతుంది, ఇక్కడ ఒంటిపేరు కూడా పోతుంది. పాత తరంలో ఆ పట్టింపు మరీ ఎక్కువ. పందిట్లో కొత్త పేరు పెట్టాక పుట్టింటివాళ్ళు కూడా ఆ పేరుతోనే పిలవాలి. పాత పేరుతో ఎవరైనా పిలిచినా పలకకూడదు, పలికితే మొగుడి ఆయుష్షుకి చేటని అంటారు. లవీనా అత్త భగవంతీ అమ్మ ఆ పట్టింపుల్లో ఆరితేరిన మనిషి.

"కాలేజీలో ఉండగా మనవాళ్ళే రక్తపరీక్ష క్యాంపు పెట్టారు" అంది లవీనా. "నన్ను తలసీమియా మైనర్ అన్నారు. జబ్బేం లేదు, రక్తంలో లోపం దాగి ఉంది, అంతే. చేసుకోబోయేవాడిక్కూడా అదే ఉంటే పుట్టే పిల్లలకు ప్రమాదం, ముందు అతని రక్తం కూడా చూపించుకోమన్నారు. ఇంటికొచ్చి మా అమ్మకు చెప్పాను. అప్పటికే రెండు వైపులా పటికబెల్లం మార్చుకుని సంబంధం ఖాయం చేసుకున్నారు. ఇప్పుడు నోరు తెరిచావంటే సంబంధం చెడుతుంది, వెనక నీ చెల్లెళ్ళున్నారు అంది. నోరు తెరవలేదు."

"నాన్నకు కూడా చెప్పలేదా?"

"పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాను. ఇవాళ, రేపు అనుకుంటుండగానే నువ్వు కడుపులో పడ్డావ్. ఇక్కడికే చూపించుకోవడానికొచ్చాను. భయమేసి ఆ పాత కార్డు డాక్టరమ్మకిచ్చాను. కార్డు మీద పాత పేరే ఉంది. వాళ్ళు ఆ పేరే రాసుకుని, ఫలానా రోజు రా, మాట్లాడాలి అన్నారు. మీ దాదీ నన్ను తీసుకొచ్చింది. ఆ బెంచీ మీదే కూర్చున్నాం." అద్దంలోంచి వసారా బెంచీ చూపించింది. "ఈ తాయే తలుపు తీసి పిలిచింది. హేమలతా, అని. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది. హేమలతా రోహ్రా, అని మా పుట్టింటి పేరు కూడా కలిపింది. మీ దాదీ నా మోకాలి మీద చెయ్యి వేసింది. గట్టిగా నొక్కను కూడా లేదే. ఊరికే వేసింది. నేను కూర్చునే ఉన్నాను."

సంచీలోంచి చుక్కలు దిగుతున్నాయి. మెహక్ వాటినే చూస్తోంది.

"నిన్నే పిలుస్తున్నారని తెలుసా?"

"తెలుసు."

"ఎందుకు పిలుస్తున్నారో?"

"అదీ తెలుసు మెహక్. మీ నాన్నను తీసుకురమ్మంటారు, ఆయన రక్తం చూస్తారు, ఆయనా మైనరైతే నిన్ను పరీక్ష చేస్తారు. అన్నీ తెలుసు. తాయి కాసేపు చూసి తలుపేసుకుంది. మేం ఇంటికొచ్చేశాం. మళ్ళీ ఈ గడప తొక్కనివ్వలేదు మీ దాదీ, కానుపు వేరే చోట చేయించింది. పుట్టిన ఎనిమిదో నెలలో నువ్వు కాగితంలా తెల్లబడిపోయాక నిన్నెత్తుకుని మళ్ళీ ఇక్కడికే పరిగెత్తుకొచ్చాను."

చెప్పడం అయ్యాక ఏడ్చింది. చప్పుడు లేకుండా, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఆవిడ మీద జాలేసింది, ఒళ్ళు మండింది, రెండూ ఒక్కసారే. ఎన్ని రాత్రులు మెహక్ పొట్టకు, ఒంట్లో ఇనుము బయటికి లాగే మందు పంపు సూది గుచ్చి కట్టు కడుతూ, "ఏ జన్మలో చేసుకున్న పాపమో ఆదీ" అని, వాళ్ళ భాషలో నన్ను అక్కా అని పిలుస్తూ వాపోయింది! ఏ జన్మలోనో కాదని తెలిసే అంది కదా.

మెహక్ ఏడవలేదు. లెక్క చేసేటప్పుడు పెట్టినట్టు మొహం పెట్టింది.

"అంటే నువ్వు లేచి లోపలికెళ్ళి ఉంటే నేను లేను."

"అలా అనకే."

"మరెలా అనాలి? తీయించుకునేదానివా కాదా?"

పక్కమంచం మీద పిల్లవాడికి వాళ్ళమ్మ ఫోనులో ఏవో బొమ్మలు చూపిస్తోంది, ఆ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"తీయించుకునేదాన్నేమో" అంది. "అప్పటికి నువ్వెవరో నాకు తెలియదు కదే."

"ఇప్పుడు లోపలున్నది ఎవరో తెలుసా?"

ఈ ప్రశ్నకి ఎవరి దగ్గరైనా జవాబుంటే నాకు రాసి పంపండి. లవీనా పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"నేను ఉంచమనట్లేదు" అంది మెహక్. "అలా అనుకోకు. పొట్టలో సూదితో పడుకోవడం, బళ్ళో అందరికంటే పొట్టిగా ఉండటం, ఇవన్నీ ఇంకొకరికి రమ్మని నేనెందుకంటాను? నన్నడిగితే వద్దనే అంటాను. కానీ మీరంతా కూర్చుని వద్దు వద్దు అనుకుంటుంటే, అది నన్నే అంటున్నట్టుంటుంది అమ్మా. నేనేం చెయ్యను?"

లవీనా లేచి పిల్లను పట్టుకోబోయింది. "సూది, సూది" అంది మెహక్, చెయ్యి పక్కకి జరుపుకుంటూ. ఆ చెయ్యి తప్పించి, మిగతా పిల్లనంతా పొదువుకుంది తల్లి. నేను అటు తిరిగి టీ ఫ్లాస్కు మూత బిగించాను. బిగించిన మూతే మళ్ళీ బిగించాను.

సరిగ్గా అప్పుడు దిగింది భగవంతీ అమ్మ.

డెబ్బై దాటాయి, మోకాళ్ళు పట్టేశాయి, అయినా రక్తమెక్కించే రోజున మనవరాలికి మధ్యాహ్నం తిండి ఆమే తేవాలి. ఉల్లిపాయ మసాలాలో ఉడికించిన పావ్ రొట్టె ముక్కలు, మెహక్‌కి ప్రాణం. వయసు దాటిందని చెప్పేదాకా ఆ బ్లడ్ బ్యాంకులో రక్తం కూడా ఇచ్చింది. అది మాత్రం మర్చిపోకూడదు, ఆమె మీద ఎంత కోపం వచ్చినా.

"ఏయ్ మద్రాసిన్, ముక్కు చీదుకుంటున్నావేం? జలుబు చేస్తే పిల్ల దగ్గర కూర్చోకు" అంటూ టిఫిను డబ్బా బల్ల మీద పెట్టింది. నేను తెలుగుదాన్నని పాతికేళ్ళుగా చెప్తూనే ఉన్నాను, వినిపించుకోదు. తర్వాత కోడలి మొహం చూసింది. మనవరాలి మొహం చూసింది.

"ఏమైంది?"

"దాదీ, హేమలత అని పిలిస్తే అమ్మను లేవనివ్వలేదట కదా నువ్వు?" అంది మెహక్.

భగవంతీ అమ్మ చెంగు సర్దుకుంది. నలుగురున్న చోట ఆ పేరు వినబడటమే ఆమెకు అపచారం. "ఎవరు తీశారు ఆ పేరు? ఝూలేలాల్, ఝూలేలాల్" అని వాళ్ళ దేవుణ్ణి తలుచుకుంది. " కొడుకు ఊళ్ళో లేనప్పుడు తీయాల్సిన పేరా అది?"

"నేనే తీశాను" అంది లవీనా, కళ్ళు తుడుచుకుని. "ఇవాళ ఆ గదిలోంచి మళ్ళీ అదే పేరుతో పిలుస్తారు. పరీక్ష చేయించుకున్నాను. పాత పేరే చెప్పాను, వసారాలో మనవాళ్ళెవరైనా ఉంటే గుర్తు పట్టకూడదని. తాయికి నేనెవరో తెలుసు. ఆ పేరుతోనే పిలవమని నేనే అడిగాను."

ముసలావిడ మంచం అంచు పట్టుకుని కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నాకు చెప్పకుండా. నేనేం పరాయిదాన్నా?"

"చెబితే చేయించుకోనిచ్చేవారా?"

"చేయించుకోనివ్వను. ఇప్పటికీ ఒప్పుకోను." గొంతు తగ్గించింది. "తెలియకుండా వస్తే మోస్తాం కోడలా. మోశాం కదా? ఈ పిల్ల కోసం అర్ధరాత్రీ అపరాత్రీ అనలేదు, ఎండా వానా అనలేదు. అది దేవుడిచ్చిన బరువు. తెలిసి చేస్తే మాత్రం ఆ పాపం మనది. ఉంచినా మనదే, తీసినా మనదే. ఎందుకు కొనితెచ్చుకుంటావ్?"

"దేవుడిచ్చిన బరువా అమ్మా? ఆ రోజు నన్నే పిలుస్తున్నారని మీకు తెలియదా?"

"తెలుసు."

అంత సూటిగా ఒప్పుకుంటుందని నేననుకోలేదు. లవీనా కూడా అనుకోలేదు.

"తెలుసు" అంది భగవంతీ అమ్మ మళ్ళీ. "గిరీష్ ఇంత పిల్లాడుగా ఉన్నప్పుడు మా అన్న అజ్మీర్ నుంచి వచ్చాడు. చాలా ఏళ్ళకి వచ్చాడు. గుమ్మంలోంచి నా చిన్నప్పటి పేరు పెట్టి కేకేశాడు. పొయ్యి దగ్గరున్నాను. పెళ్ళయినదాన్నని, పిల్లల తల్లినని ఏమీ గుర్తు లేదు. ఓయ్ అని పలికి పరిగెత్తాను. నెల తిరగలేదు, మీ మామగారు పోయారు. నవ్వుకుంటే నవ్వుకోండి. మీరు చదువుకున్నారు. నాకున్నది ఒక్కడే కొడుకు. ఆ పేరుకి నువ్వు లేస్తావేమోనని నా చెయ్యి దానంతటదే వెళ్ళింది."

ఎవరూ నవ్వలేదు. ఎన్నోసార్లు ఆమె పట్టింపులకి నేను వెనకాల నవ్వాను. ఆ రోజు నవ్వు రాలేదు.

"దాదీ" అంది మెహక్ మెల్లగా. "నీ పేరేంటి?"

"మర్చిపోయాను."

"అబద్ధం."

"అబద్ధమే. తిను, చల్లారిపోతుంది." డబ్బా మూత తీయబోయింది, అది బిగుసుకుపోయింది. నేను తీసిచ్చాను. ఉల్లిపాయ, కొత్తిమీర వాసన వచ్చింది. ఎవరూ ముట్టలేదు. మెహక్ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది, దాదీ కోసమే పెట్టుకుందని నాకు తెలుసు.

"నీ చెయ్యి వల్ల నేను పుట్టాను దాదీ" అంది నములుతూ. "నీ చెయ్యి వల్లే నాకీ జబ్బు కూడా. థ్యాంక్స్ చెప్పాలా, దెబ్బలాడాలా?"

ముసలావిడ మనవరాలి కాలు పట్టుకుంది, దుప్పటి మీంచే. ఆ వీపు అంతలా వంగడం నేనెప్పుడూ చూడలేదు.

ఎదుటి గది తలుపు గొళ్ళెం చప్పుడైంది.

వార్డులో ఫోను బొమ్మలు ఆగిపోయాయి. పక్కమంచం తల్లి కూడా తలెత్తింది. అద్దంలోంచి శుభదా తాయి తెల్లకోటు కనిపించింది. చేతిలో కాగితం, ముక్కు మీద కళ్ళద్దాలు. అద్దాల తలుపు కొంచెం తోసి, ఎవరి వైపూ చూడకుండా, మాటిచ్చినట్టే పిలిచింది.

"హేమలతా."

నేను తాయి మొహమే చూస్తున్నాను. నవ్వుతోందా? నవ్వు తల్లీ, గుమ్మంలోనే చెప్పెయ్యి, స్వీట్లు తినమను, ఈ వార్డంతటికీ నేనే కొనిపెడతాను. మొహంలో ఏమీ తెలియలేదు.

భగవంతీ అమ్మ చెయ్యి దుప్పటి మీంచి లేచింది. స్టూలు మీదున్న కోడలి మోకాలి మీదికి వెళ్ళింది. ఆమె పంపలేదు, ఒట్టు, నేను కళ్ళారా చూశాను. అలవాటుపడ్డ చెయ్యి, అలా వెళ్ళిపోయింది. లవీనా ఆ చేతిని చూసింది. ఉంగరం వేలు దగ్గర నరాలు పొంగిన ముసలి చెయ్యి. మెహక్ కూడా దాన్నే చూస్తోంది.

"హేమలతా రోహ్రా."

లవీనా అత్త చేతిని రెండు చేతులతోనూ పట్టుకుని, తీసి, ఆమె ఒళ్ళోనే పెట్టింది. విసురుగా కాదు. నిద్రపోతున్న పిల్లను పక్కకి జరిపినట్టు జరిపింది.

"నేనే" అంది. తాయికి వినబడలేదేమోనని మళ్ళీ అంది. "నేనే హేమలతని. వస్తున్నాను."

భగవంతీ అమ్మ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. అహ్మదాబాద్‌లో ఉన్న కొడుకు కోసమని వేరే చెప్పాలా? లవీనా అద్దాల తలుపు దాటింది. వెనకాలే నేను లేచాను, గిరీష్ నన్ను నమ్మి పంపాడు. గుమ్మం దగ్గరే చెప్పేస్తుందని ఇంకా ఆశ. తాయి గుమ్మంలో నిలబడి లవీనా మొహంలోకి చూసింది, భుజం మీద చెయ్యి వేసింది.

"లోపలికి రా" అంది.

లవీనా లోపలికెళ్ళింది. నేను గుమ్మంలో ఆగాను. తాయి కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టింది, తను ఎదురుగా కూర్చుంది, కాగితం బోర్లా పెట్టింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆ మాట అనొద్దు తాయీ, ఇంకేదైనా అను.

"నీతో ఎవరొచ్చారు?"

లవీనా గుమ్మంలో ఉన్న నా వైపు తిరిగింది. నేనున్నానని చెప్పబోయాను. అప్పుడే వెనక వసారాలో చక్రాలు కిర్రుమన్నాయి. రక్తం సంచీ వేలాడుతున్న స్టాండును ఒక చేత్తో తోసుకుంటూ, సూదున్న చెయ్యి గుండెకి ఆనించుకుని, చెప్పుల్లేని కాళ్ళతో వచ్చి, నన్ను పక్కకి జరిపి, గది మధ్యలో నిలబడింది.

"నేనొచ్చాను" అంది మెహక్.